అత్త మీద కోపం దుత్త మీద

2021 జూన్ 30. ఆఫీసు కాల్ ఒకటి మ్యూట్‌లో పెట్టి టీ కాచుకుంటున్నాను. ఫోను మోగింది. అవతల మా గుంటూరు మిత్రుడు, లివర్‌పూల్ క్లబ్బుకి పరమ భక్తుడు. హలో కూడా అనకుండా, "ఏరా మామా, మా వాడు మీ ఇంటికి కాపరానికొస్తున్నాడంట కదా! కాస్త బాగా చూసుకోండ్రా" అని పకపకా నవ్వి పెట్టేశాడు.

మా వాడంటే రఫా బెనీతెజ్. మీ ఇల్లంటే ఎవర్టన్. ఆ రోజు ఆయన్ని ఎవర్టన్ మేనేజరుగా ప్రకటించారు.

ఫుట్‌బాల్ గొడవ తెలియని వాళ్ళ కోసం కొంచెం వెనక్కి వెళ్తాను. లివర్‌పూల్ ఊళ్ళో రెండు పెద్ద క్లబ్బులు. ఎర్ర చొక్కాల వాళ్ళు లివర్‌పూల్, నీలం చొక్కాల వాళ్ళు ఎవర్టన్. అప్పట్లో రెండు మైదానాలకీ మధ్య ఒక పార్కు అడ్డం, అంతే. ఒకే ఇంట్లో అన్న ఎరుపు, తమ్ముడు నీలం ఉంటారు. బెనీతెజ్ 2004 నుంచి 2010 దాకా లివర్‌పూల్ మేనేజరు. 2005లో వాళ్ళకి ఛాంపియన్స్ లీగ్ గెలిచి పెట్టినాయన. 2007 ఫిబ్రవరిలో రెండు క్లబ్బుల మధ్య మ్యాచ్ 0-0తో ముగిశాక, ఎవర్టన్ ఒక చిన్న క్లబ్బు అన్న అర్థం వచ్చేలా మాట్లాడాడు. ఆ మాట నీలం వాళ్ళు మర్చిపోలేదు. పధ్నాలుగేళ్ళ తరవాత ఆయనే మేనేజరై వచ్చాడు.

ఇక్కడ మేనేజరంటే మన క్రికెట్ కోచ్ లాంటి వాడు కాదు. ఎవరు ఆడాలో, ఎవరు బెంచీ మీద కూచోవాలో, ఎలా ఆడాలో అన్నీ ఆయనే. ఆటగాళ్ళని కొనడంలో కూడా ఆయన మాట ఉంటుంది. ఎంత ఉంటుందన్నది ఓనరుని బట్టి. ఈ చివరి ముక్క గుర్తు పెట్టుకోండి, మళ్ళీ దీని దగ్గరికే వస్తాను.

నేను ఈ ఊరికి మాస్టర్స్ చదవడానికి వచ్చి, వాల్టన్‌లో ఒక పెద్దాయన ఇంట్లో గది అద్దెకు తీసుకున్నాను. ఆయన డెబ్భై ఏళ్ళ ఎవర్టన్ మనిషి. హీటరు వేస్తే కరెంటు బిల్లు గురించి సణిగేవాడు గానీ, శనివారం మ్యాచుకి వెంట తీసుకెళ్ళడానికి మాత్రం ఎప్పుడూ వెనకాడలేదు. అలా నాకు ఈ జబ్బు అంటుకుంది. చదువైపోయింది, ఉద్యోగం వచ్చింది, పెళ్ళయింది, ఇల్లు మారాం. జబ్బు మాత్రం పోలేదు.

బెనీతెజ్ వస్తాడన్న పుకారు మొదలైనప్పుడే ఊరు ఉడికిపోయింది. ఆయన కుటుంబం లివర్‌పూల్ రోజుల నుంచీ ఇక్కడే నది అవతల ఉంటోంది. నువ్వెక్కడుంటావో మాకు తెలుసు, సంతకం పెట్టకు అని ఎవరో ఆ చుట్టుపక్కల గుడ్డ మీద రాసి కట్టారు. అంత దూరం నేను వెళ్ళలేదు గానీ, నాకూ ఒళ్ళు మండింది. పెద్దాయనకి ఫోను చేసి, ఈ సీజన్ నేను ఆయనకి చప్పట్లు కొట్టేది లేదని చెప్పేశాను. ఆయన ఒకే మాటన్నాడు. "నువ్వు చప్పట్లు కొట్టేది అతనికనుకుంటున్నావా?"

ఆగస్టు 14, సీజన్ మొదటి మ్యాచ్. కోవిడ్ తరవాత మొదటిసారి స్టేడియం నిండింది. సౌతాంప్టన్ మీద సగం ఆట అయ్యేసరికి 0-1. చివరికి 3-1తో గెలిచాం. బెనీతెజ్ బయటికొచ్చినప్పుడు పెద్దాయన లేచి నిలబడి చప్పట్లు కొట్టాడు. నేను చేతులు కట్టుకుని కూచున్నాను. మొదటి నాలుగు మ్యాచుల్లో 10 పాయింట్లు వచ్చాయి. అప్పుడూ అలాగే కూచున్నాను.

తరవాతి కథ చాలామందికి తెలిసిందే. గెలుపులు ఆగిపోయాయి. డిసెంబరు 1న సొంత మైదానంలో లివర్‌పూల్ చేతిలో 1-4. గుంటూరు మిత్రుడు ఆ రాత్రి ఫోను చేయలేదు. జాలిపడ్డాడన్నమాట, అది ఇంకా అవమానం. 2022 జనవరి 16న, నార్విచ్‌లో ఓడిన మర్నాడు, బెనీతెజ్‌ని తీసేశారు. లీగులో 19 మ్యాచులు, 19 పాయింట్లు, 5 గెలుపులు. "చూశారా, మేం ముందే చెప్పాం" అని అందరూ అన్నారు. నేనూ అన్నాను.

ఇప్పుడు నేను చెప్పదలుచుకున్నది ఏమిటంటే, మేం ముందే చెప్పింది తప్పు. ఫలితం మేం చెప్పినట్టే వచ్చింది, కారణం మాత్రం మేం చెప్పింది కాదు. కోపం తప్పు మనిషి మీద ఖర్చు పెట్టాం. మన భాషలో దీనికి సరిగ్గా సరిపోయే సామెత ఉంది. అత్త మీద కోపం దుత్త మీద.

లెక్కలు చూడండి. ఆ ఎండాకాలం బెనీతెజ్‌కి ఆటగాళ్ళని కొనడానికి దొరికిన డబ్బెంత? డెమరాయ్ గ్రే ఒక్కడికి దాదాపు 17 లక్షల పౌండ్లు. మిగతా వాళ్ళంతా ఉచితంగా వచ్చినవాళ్ళు. ప్రీమియర్ లీగులో ఆ డబ్బు చిల్లర కింద లెక్క. ఎందుకంత కటకట? అంతకు ముందు ఓనరు ఫర్హాద్ మొషిరి హయాంలో నీళ్ళలా ఖర్చు పెట్టేశారు కాబట్టి. 2018 నుంచి 2021 వరకు మూడేళ్ళలో క్లబ్బు నష్టం 37 కోట్ల పౌండ్ల పైమాటే. ఖర్చు పెట్టింది ఒకరు, పస్తులుండమన్నది ఇంకొకర్ని. పైగా ముఖ్యమైన గోల్ స్కోరర్ కాల్వర్ట్-లూయిన్ గాయపడి ఆగస్టు చివరి నుంచి కొత్త సంవత్సరం దాకా ఆడలేదు. సెప్టెంబరులో రిషార్లిసన్ మోకాలు.

బెనీతెజ్ తప్పులు లేవని అనడం లేదు. ఉన్నాయి. లెఫ్ట్ బ్యాక్ లూకా దీన్యేతో పడక అతన్ని పక్కన పెట్టాడు. 2022 జనవరిలో దీన్యేని ఆస్టన్ విల్లాకి అమ్మేశారు. అమ్మిన కొద్ది రోజులకే బెనీతెజ్‌ని పంపేశారు! ఇద్దరిలో ఒకర్నే ఉంచుకోవాలంటే ఎవర్ని ఉంచుకోవాలో తేల్చుకోలేక ఇద్దర్నీ పోగొట్టుకున్న తెలివి అది. దాన్ని కూడా మేం బెనీతెజ్ ఖాతాలోనే రాశాం.

మేనేజర్లు ఎంతమంది మారారో కూడా చూడండి. మొషిరి 2016లో వచ్చాడు. 2024 డిసెంబరులో క్లబ్బు అమ్మేసేలోపు కూమన్, అలర్‌డైస్, సిల్వా, యాంచెలోట్టి, బెనీతెజ్, ల్యాంపార్డ్, డైచ్, మొత్తం ఏడుగురు కొత్త మేనేజర్లు. ఒకడు బంతిని తిప్పి తిప్పి ఆడమంటాడు, ఇంకొకడు పొడవుగా కొట్టమంటాడు. ఒకడు కొన్నవాళ్ళు ఇంకొకడికి పనికిరారు. మేం ప్రతిసారీ "ఇతన్ని సపోర్ట్ చెయ్యాలా వద్దా" అని పబ్బుల్లో గొంతులు చించుకున్నాం. ఏడుసార్లూ తప్పు ప్రశ్నే.

ఇందులో నాకు అన్నిటికంటే నచ్చిన ముచ్చట 2018 ఏప్రిల్‌ది. అలర్‌డైస్ ఆట విసుగ్గా ఉందని జనం గొణుగుతున్నారు. క్లబ్బు వాళ్ళు అభిమానులకి ఒక సర్వే పంపారు. మేనేజరుకి 0 నుంచి 10 దాకా మార్కులు వెయ్యండి అని. ఆ సీజన్ జట్టు ఎనిమిదో స్థానంలో ముగించింది, అయినా మే నెలలో ఆయన్ని పంపేశారు. ఆ సర్వే నాకు చాలా నేర్పింది. మేనేజరుకి మార్కులు వెయ్యమని అడిగారు. ఓనరుకి మార్కులు వెయ్యమని ఎందుకు అడగలేదు? ఇంటి యజమాని వంటవాణ్ణి చూపించి "కూర ఎలా ఉంది?" అని అడుగుతూ, సరుకులు తెచ్చింది ఎవరన్న ప్రశ్న రాకుండా చూసుకోవడం లాంటిదిది.

సరే, "అయితే ఏమంటావ్? ఎవడొచ్చినా కళ్ళు మూసుకుని సపోర్ట్ చెయ్యాలంటావా?" అని మీరడగొచ్చు. అదీ కాదు. దానికీ ఉదాహరణ ఉంది, ఇదే ఉత్తరాన, ముప్ఫై మైళ్ళ దూరంలో.

2013 మేలో అలెక్స్ ఫెర్గూసన్ మాంచెస్టర్ యునైటెడ్ నుంచి రిటైరయ్యాడు. ఇరవయ్యారేళ్ళ పైన పనిచేసి 13 లీగులు గెలిచిన మనిషి. వెళ్తూ వెళ్తూ మైదానంలో మైకు పట్టుకుని, కొత్త మేనేజరుకి అండగా ఉండడం ఇక మీ పని అని అభిమానులకి అప్పగింతలు పెట్టాడు. కొత్త మేనేజరు డేవిడ్ మోయెస్. ఎవర్టన్‌లో 11 ఏళ్ళు పనిచేసి వెళ్ళినవాడు. ఆరేళ్ళ కాంట్రాక్టు. ఎంపికైన వాడు అని ఆయన బొమ్మతో పెద్ద బ్యానరు స్టేడియంలో వేలాడింది. యునైటెడ్ జనం చాలామంది పెద్దాయన మాట నిలబెట్టారు కూడా. ఓడుతున్నా పాటలు పాడారు. 2014 మార్చిలో మోయెస్‌ని పంపెయ్యమని ఒక చిన్న విమానం తోకకి బ్యానరు కట్టి మైదానం మీద తిప్పితే, లోపల చాలామంది దాన్ని చూసి విసుక్కున్నారు. అయినా ఏప్రిల్ 22న ఆయన్ని తీసేశారు. పది నెలలు.

రెండు ఊళ్ళూ పక్కపక్కన పెట్టి చూడండి. ఒక చోట మొదటి రోజు నుంచే వద్దన్నారు. ఇంకో చోట చివరి దాకా కావాలన్నారు. రెండు చోట్లా మేనేజరు ఏడాది తిరక్కుండా వెళ్ళిపోయాడు. మరి రెంటిలోనూ ఒకేలా ఉన్నదేమిటి? పైన కూచున్నవాళ్ళు. 2013 ఎండాకాలంలో యునైటెడ్ కొన్న పెద్ద ఆటగాడు ఒక్కడే, ఫెలాయినీ, అదీ గడువు ఆఖరి రోజున. ఛాంపియన్ జట్టుని కొత్త చేతుల్లో పెట్టి, ఆ చేతులకి పనిముట్లు ఇవ్వలేదు. అక్కడ అభిమానుల విధేయతని, ఇక్కడ అభిమానుల కోపాన్ని, రెంటినీ పైవాళ్ళు గొడుగులా వాడుకున్నారు.

మోయెస్ గురించి ఇంకొక్క మాట. యునైటెడ్‌లో పది నెలలకి పనికిరానివాడైన ఆ మోయెసే 2023లో వెస్ట్ హామ్‌కి యూరప్ కప్పు ఒకటి గెలిచి పెట్టాడు. 2025 జనవరిలో తిరిగి ఎవర్టన్‌కే వచ్చి, కిందికి జారుతున్న జట్టుని 13వ స్థానానికి చేర్చాడు. మనిషి అదే మనిషి. ఇల్లు మారితే పని మారింది. కాబట్టి మేనేజరు మంచివాడా చెడ్డవాడా అన్న ప్రశ్నకి, ఏ ఇంట్లో అన్న ముక్క కలపకుండా జవాబు లేదు. మన దగ్గర కోడలు అడుగుపెట్టిన వేళ మంచిది కాదని పాడి గేదె చచ్చిపోయినా ఆ పిల్లనే అనేవారు చూడండి, అలాంటిదే ఇది. గేదెకి గడ్డి వెయ్యనిదెవరో ఎవరూ అడగరు.

ఇదంతా ఫుట్‌బాల్ గురించే అయితే ఇంత ఆవేశం నాకు వచ్చేది కాదేమో. నా సంగతొకటి చెప్పాలి.

కొన్నేళ్ళ కిందట నేను పనిచేసిన ఒక ప్రాజెక్టుకి కొత్త డెలివరీ మేనేజరు వచ్చాడు. మా పోటీ కంపెనీ నుంచి. అంతకు ముందు ఒక క్లయింటు మీటింగులో మా టీమ్‌ని తీసిపారేస్తూ మాట్లాడినవాడు. మేం నలుగురు సీనియర్లం కూడబలుక్కోకుండానే ఒక నిర్ణయానికి వచ్చేశాం. అడిగినదానికి మాత్రమే జవాబు. అడగనిది చెప్పేది లేదు. ఆయన క్లయింటుకి ఒక తేదీ మాటిస్తుంటే, అది జరగదని తెలిసి కూడా నేను ల్యాపుటాపులోకి చూస్తూ కూచున్నాను. నాలుగు నెలల్లో ఆయన్ని ప్రాజెక్టు నుంచి తీసేశారు. ఆ సాయంత్రం మేం బయటికెళ్ళి భోజనం చేశాం. నవ్వుకున్నాం కూడా.

తరవాత నాకు ఆ ప్రాజెక్టు పాత కాగితాలు చూసే పని పడింది. టెస్టింగ్ టీమ్ బడ్జెట్‌ని ఆయన రావడానికి రెండు నెలల ముందే సగానికి కోశారు. ఆ తేదీ కూడా ఆయన ఇచ్చింది కాదు. పైవాళ్ళు అమ్మేసిన తేదీని ఆయన మీటింగులో చదివాడంతే. ఆయన తరవాత వచ్చినావిడకీ అదే తేదీ, అదే బడ్జెట్. ఆవిడా నిలబడలేదు. పైవాళ్ళకి మాత్రం ఆ ఏడాది ప్రమోషన్లు వచ్చాయి. మా మౌనం వాళ్ళకి చేసినంత మేలు ఇంకెవరూ చేసి ఉండరు.

అందుకే గుడిసన్‌లో చేతులు కట్టుకుని కూచున్న నన్ను తలుచుకుంటే నాకిప్పుడు సిగ్గేస్తుంది. అదే మనిషిని, అదే పని మళ్ళీ చేశాను.

దీనికి ఎదురుగా వచ్చే వాదనలు నాకు తెలుసు. మొదటిది, టిక్కెట్టు కొన్నాం కాబట్టి అరిచే హక్కు మాది. నిజమే. హక్కు ఉంది. ఆ హక్కుని ఎవరి మీద వాడుతున్నామన్నదే నా ప్రశ్న.

రెండోది, అభిమానం మనసుకి సంబంధించింది, లెక్కలకి లొంగదు, శత్రువుని ఎలా ఒప్పుకుంటాం అన్నది. దీనికి నా జవాబు ఏమిటంటే, శత్రువు అన్న మాటని ఇంత చవగ్గా వాడకండి. నిజంగా మొదటి రోజే వద్దనాల్సిన సందర్భాలు ఉంటాయి. 2013 మార్చి 31న సండర్లాండ్ క్లబ్బు పావ్లో ది కానియోని మేనేజరుగా తెచ్చింది. ఆయన 2005లో లాజియోకి ఆడుతున్నప్పుడు ప్రేక్షకులకి ఫాసిస్టు సెల్యూట్ చేసి జరిమానా కట్టినవాడు. తాను ఫాసిస్టునే గానీ జాత్యహంకారిని కాదని అప్పట్లో అన్నాడు. సండర్లాండ్‌లో వచ్చిన గొడవ చూశాక, ఆ భావాలు తనవి కావని ప్రకటన ఇచ్చాడు. క్లబ్బు బోర్డులో ఉన్న డేవిడ్ మిలిబాండ్ ఆయన నియామకం రోజే రాజీనామా చేశాడు. గని కార్మికుల సంఘం వాళ్ళు స్టేడియంలో ఉన్న తమ జెండా తిరిగి ఇచ్చెయ్యమన్నారు. ఆ మైదానం కట్టింది పాత బొగ్గు గని ఉన్న చోటే మరి. అది వద్దనడానికి కారణం. అలాంటి చోట చేతులు కట్టుకుని కూచుంటే తప్పు లేదు, పైగా గౌరవం.

కానీ ఏమైంది? ఏప్రిల్ 14న సండర్లాండ్ వెళ్ళి పక్క ఊరి న్యూకాసిల్‌ని 3-0తో కొట్టింది. చాలామంది నోళ్ళు మూతపడ్డాయి. పాటలు మొదలయ్యాయి. సెల్యూట్‌ని మూడు గోల్స్‌తో కడిగేసుకున్నారు. సెప్టెంబరులో ఆట పోయాక గానీ ఆయన పోలేదు. ఇక్కడ మేమేమో చిన్న క్లబ్బు అన్న ఒక్క మాటని పధ్నాలుగేళ్ళు మోశాం. ఏది మర్చిపోవాలో ఏది మర్చిపోకూడదో మనకి పూర్తిగా తలకిందులైంది.

మూడో వాదన కొంచెం బరువైనది. జనం అరుపుల వల్ల ఏమీ మారదు, మ్యాచ్ గెలిపించేది ఆటగాళ్ళు అని. అలా అనుకునేవాళ్ళకి 2022 మే 19 చూపిస్తాను. బెనీతెజ్ పోయి ల్యాంపార్డ్ వచ్చాడు. ఓనరు అదే. ఆటగాళ్ళు దాదాపు వాళ్ళే. కింది డివిజన్‌కి జారిపోయే ప్రమాదం. జట్టు బస్సు వచ్చే దారి పొడవునా నీలం పొగ, జనం, పాటలు. క్రిస్టల్ ప్యాలెస్ మీద సగం ఆటకి 0-2. ఆ విరామంలో ఎవరూ ఇంటికెళ్ళలేదు. చివరికి 3-2. ఆ రాత్రి జనం ఏం చేయగలరో ఆటగాళ్ళకి తెలిసింది, మాకూ తెలిసింది. ఆ గొంతు అక్టోబరులో, నవంబరులో ఎక్కడికి పోయింది? ఎవరి మీద అలిగి దాచుకున్నాం? కిందికి జారితే జారేది బెనీతెజ్ కాదు, మేమే కదా.

మంచి విషయం ఏమిటంటే మా వాళ్ళు నేర్చుకున్నారు. 2023 జనవరికి కోపం చేరాల్సిన చోటికి చేరింది. జట్టుని ఉత్సాహపరుస్తూనే, మ్యాచ్ అయ్యాక సీట్లలో కూచుని బోర్డు దిగిపోవాలని నినాదాలు. ఒక మ్యాచుకి బోర్డు డైరెక్టర్లు భద్రత కారణం చెప్పి సొంత స్టేడియానికే రాలేదు. ఆ ఏడాది నవంబరులో, పరిమితికి మించి నష్టాలు చేసినందుకు క్లబ్బుకి 10 పాయింట్లు కోత పెట్టారు. అప్పీలులో అది 6 అయింది. మరుసటి ఏప్రిల్‌లో ఇంకో 2 పోయాయి. ఆ తప్పు ఏ మేనేజరు చేశాడో ఎవరైనా చెప్పగలరా? ఆ లెక్కల్లో మేనేజర్ల పేర్లు లేవు.

కాబట్టి నా మాట ఇదీ. కొత్త మేనేజరు వస్తే, ఎక్కడి నుంచి వచ్చాడన్నది పక్కన పెట్టి ఒక సీజన్ ఇవ్వండి. అది దానం కాదు, అప్పు. గడువు తీరాక లెక్క అడగండి. అడిగేటప్పుడు అతని చేతికి ఏమిచ్చారో మొదట అడగండి, అతనేం చేశాడో తరవాత అడగండి. మనుషుల్ని మనుషులుగా చూడనివాణ్ణి తెస్తే మాత్రం మొదటి రోజే లేచి వెళ్ళిపోండి, మూడు గోల్స్ కొట్టినా తిరిగి రాకండి. మిగతా కోపమంతా డైరెక్టర్ల బాక్సు కోసం దాచుకోండి. అక్కడికి అది ఎప్పుడూ ఆలస్యంగానే చేరుతుంది.

2025 జనవరిలో మోయెస్ తిరిగొస్తున్నాడని తెలిసిన రోజు గుంటూరు మిత్రుడు ఫోను చేశాడు. "ఏరా మామా, వదిలేసి పోయినోణ్ణి మళ్ళీ తెచ్చుకున్నారంట? చప్పట్లు కొడతారా?" అన్నాడు.

"కొడతాను" అన్నాను. "ఆయన కోసం మాత్రం కాదులే."

పెద్దాయన మాట అప్పజెప్పానని వాడికి తెలీదు.